మూసీ ఒడ్డున ఎర్ర నంబర్లు

తార్నాక,
18 సెప్టెంబర్ 2011, ఆదివారం

మంచం దిగని మహారాణి దీప్తమ్మకు,

మీ శాంతి మామ వందనాలు చెప్పి రాసేది ఏందంటే, ఈడ అందరి కాళ్ళు బాగనే ఉన్నయి. తెనాలిల నీ కాలు ఒక్కటే తేడా. మీ అమ్మ, మా రాహేలక్క, నీకు రోజూ బొమికల చారు తాగిస్తున్నదంట. తాగు. చిన్నప్పుడు నాకు కూడా తాగించింది, నేను ఏ కాలూ ఇరగ్గొట్టుకోకపోయినా.

ఫోన్ల చెప్తే అయిపోయేదానికి ఉత్తరమే రాయాలంటివి. ఫోన్ల మాట గాలికి పోతది, ఫైల్ల పెట్టనీకి కాయితం కావాలంటివి. ఎనిమిదో తరగతిల బడి ఇడిసినోన్ని పట్టుకొని నీ పీహెచ్‌డీల ఇరికించినవు. పాతికేండ్ల సంది యూనివర్సిటీ డాక్టర్లందరి థీసిస్‌లు కుట్టి, అట్టలేసి, బంగారు అక్షరాలు కొట్టిన. ఒక్కదాంట్ల కూడా రెండో పేజీ చదవలె. ఆ పాపమే ఇప్పుడు నీ రూపంల తగిలింది.

సమ్మెతోని క్యాంపస్ బంద్, నా దుకాణం బంద్. కాబట్టి నడిచిన. చర్చి అయినంక బయల్దేరి, క్యాంపస్ లోపల్నుంచి విద్యానగర్, ఆడ్నుంచి అంబర్‌పేట దాటి మూసీ ఒడ్డు. నీ పన్నెండు నడకలల్ల ఏడు నువ్వు నడిచి, గడ్డి మళ్ళ గట్టు మీద జారి పడితివి. ఎనిమిదోది నేను నడిచిన. రాసుకో.

మా పాస్టరుగారు నీ రీసెర్చి ఏందని అడిగిండు. ఏటి పక్కన నడుస్తది, నడిచింది రాస్తది, దానికి డాక్టరమ్మ అంటరు అని చెప్పిన. ఆయన కండ్లు మూసుకొని, ప్రార్థన చేద్దాం అన్నడు.

ఇగ చూసింది. నీళ్ళ మీద నురుగు, సబ్బు గిన్నె బోర్లేసినట్టు. బర్రెలు. బర్రెల కోసం పెంచే గడ్డి, మనిషంత ఎత్తు. ఆరేసిన దుప్పట్లు. గడ్డిల్నుంచి ఒక మొసలి తల లేపి నన్ను చూసి, జై తెలంగాణ అనకపోతే పోనియ్యనన్నది. అన్న. పోనిచ్చింది.

కాలు జాగ్రత్త.
నీ మామ, శాంతికుమార్


తెనాలి,
23 సెప్టెంబర్ 2011

మావయ్యా,

మొసలి దాకా చదివి, ఉత్తరాన్ని అమ్మ మీదకి విసిరేశాను. ఆవిడ నవ్వుతోంది. నాకు నవ్వు రావట్లేదు.

ఒక్కసారి కుదురుగా విను. నవంబర్ 30 లోపు పన్నెండు నడకల రిపోర్టూ, అందులోంచి ఒక అధ్యాయమూ మా గైడు శశిభూషణ్ సార్ చేతిలో పెట్టకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఒకసారి గడువు పెంచారు. మళ్ళీ పెంచరు. నాలుగేళ్ళ పని మావయ్యా. కట్టు విప్పడానికే ఇంకా నెలన్నర పడుతుందంటున్నారు. నిన్ను కాక ఎవర్ని అడగను? నా స్నేహితులందరూ ఆర్ట్స్ కాలేజీ ముందు దీక్షలో కూర్చున్నారు.

నేను చేసేది ఏరు గురించి కాదు, ఏటి పక్క దారి గురించి. అక్కడ రోజూ నడిచేవాళ్ళు ఆ నేలని ఎలా వాడుకుంటున్నారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ పలకరించుకుంటారు. అది కూర్చుని తెలుసుకునేది కాదు, నడిస్తేనే తెలుస్తుంది. పాస్టరుగారికి ఈ ముక్క చెప్పు.

ఇకనుంచి ఇలా చెయ్యి. ప్రతి ఐదు వందల అడుగులకీ ఆగు. అక్కడ రాయి మీదో గోడ మీదో ఒక నంబరు వెయ్యి. వానకి పోని గుర్తయి ఉండాలి, నేను సుద్దముక్కతో వేసినవన్నీ కొట్టుకుపోయాయి. నేను లేచి వచ్చాక ఆ నంబర్ల దగ్గర నిలబడి నీ మాటలతో సరిచూసుకుంటాను. వారం వారానికీ అక్కడ ఏం మారిందో రాయి. మనుషులతో మాట్లాడు. దయచేసి వాళ్ళని ఆటపట్టించకు.

దీప్తి


తార్నాక,
2 అక్టోబర్ 2011

గైడు కన్నా గట్టి గైడమ్మకు,

రైలురోకోల ఇరుక్కొని నీ ఉత్తరం ఆరు రోజులకు చేరింది. అందుకే పోయిన ఆదివారం నడకకు నంబర్లు లేవు. తిట్టకు.

ఇయ్యాల పదోది. చర్చి గేటుకు ఏసిన రంగు సగం డబ్బా మిగిలి ఉండె, ఎర్రది. బ్రష్షు పట్టుకొని క్యాంపస్ల అడుగుపెట్టిన్నో లేదో పోలీసోళ్ళు ఆపిండ్రు. ఏ స్లోగన్ రాస్తున్నవ్ అన్నడు ఒకడు. స్లోగన్ కాదు సార్, నంబర్లు అన్న. ఏం నంబర్లు అన్నడు. నాకు తెల్వదు సార్, మా మేనకోడలికి తెలుసన్న. మేనకోడలు ఏడ అన్నడు. తెనాలిల మంచం మీద అన్న. గంటసేపు కూసోబెట్టిండ్రు. బస్సులు బంద్ అయి, దినాం ఇన్ని వేల మంది నడుస్తుంటే, నేను ఒక్కన్నే దొరికిన.

ఒడ్డుకు పోయి ఒకటి నుంచి పద్నాలుగు దాకా ఏసిన. ఒకటి నుంచి ఐదు రాళ్ళ మీద. ఆరు నుంచి పదకొండు దాకా రాళ్ళు లేవు, బస్తీ ఇండ్లున్నయి, గోడల మీద ఏసిన. అటెన్క మళ్ల రాళ్ళే. మంచిగ, పెద్దగ, సున్న చుట్టి లోపల అంకె. వాన కాదు, వరదొచ్చినా పోదు.

నీ అడుగులు ఐదు వందలంటే నా అడుగులు ఎన్ని? నాకు పొట్ట ఉన్నది, అడుగు చిన్నగ పడ్తది. నీ లెక్కకు నా లెక్కకు తేడా వస్తే నన్ను అనకు.

మనుషులతోని మాట్లాడమంటివి. తొమ్మిదో నంబర్ ఇంట్ల సమ్మక్క అని ఒకామె ఉన్నది. గడ్డి కోసి బర్రెలోళ్ళకు అమ్ముతది. నా అంత వయసు, నా కన్నా నోరు. నేను గోడ మీద రంగేస్తుంటే కొడవలి చేతుల పట్టుకొని వచ్చి, ఏంది సారూ గిది అన్నది. సారూ అనంగనే నాకు లోపల గులగుల పెట్టింది. మొఖం సీరియస్‌గ పెట్టి, పై నుంచి ఆర్డరమ్మా, నేను ఒట్టి నంబర్లేసేటోన్నే అన్న. ఆమె ఒక్క మాట మాట్లాడలె. లోపలికి పోయి నాకు చాయ్ తెచ్చిచ్చింది. చూసినవా, నేను మాట్లాడితే మనుషులు ఎట్ల కలుస్తరో.

బర్రెలు పోయిన వారం లెక్కనే ఉన్నయి.

నీ మామ


తార్నాక,
16 అక్టోబర్ 2011

అమ్మాయ్,

నీ జవాబు రాలె. మళ్ల రైళ్ళు ఆపిండ్రు, ఏ స్టేషన్ల పడి ఉన్నదో. పోయిన వారం నాకు జరం, నడవలె. ఇయ్యాల పదకొండోది.

వారం వారం ఏం మారిందో రాయమంటివి గద. ఇగో, మారింది. బస్తీల ఇండ్లకు తలుపుల్లేవు. అబద్ధం కాదు, మొసలి కథ కాదు. ఆరు నుంచి పదకొండు దాకా ఆరిండ్ల తలుపులు లేవు. చౌకట్లు కూడా లేనియి మూడు. ఒకదానికి రేకులు కూడా సగమే ఉన్నయి. లోపల పొయ్యి, సామాను, అంత దారికి కనిపిస్తున్నది. ఒక ముసలాయన లోపల కూసొని అన్నం తింటుండు, నేను దారిల నిలబడితే ఇద్దరం ఒక్క రూంల ఉన్నట్టే ఉన్నది.

సమ్మక్క లేదు. ఇల్లు ఖాళీ. బతుకమ్మ పండుగకు ఊరికి పోయి ఇంక రాలేదేమో. తలుపులు ఎందుకు లేవని ఎవర్ని అడుగుదామన్నా మొఖం తిప్పుకొని పోయిండ్రు. దొంగలకు భయం లేనట్టున్నది, గాలికి తీసి పెట్టుకున్నరేమో అనుకున్న. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

కాలు కట్టు ఎప్పుడు ఇప్పుతరు?

మామ


తెనాలి,
20 అక్టోబర్ 2011

బంగారు మావయ్యా,

నీ ఉత్తరం చదివి కట్టుకాలితోనే మంచం మీద లేచి కూర్చున్నాను. నాలుగేళ్ళుగా నేను వెతుకుతున్నది నీకు ఒక్క ఆదివారంలో దొరికింది.

తలుపుల్లేని ఇళ్ళు! దారికీ ఇంటికీ మధ్య గీత చెరిపేసుకున్న మనుషులు. ఊరంతా బారికేడ్లూ, ముళ్ళకంచెలూ, గేట్లకి తాళాలూ పడుతున్న రోజుల్లో, ఏటి పక్క ఒక బస్తీ తన తలుపులు తానే తీసేసుకుంది. ఉద్యమం మనుషుల్ని ఎంత దగ్గరికి తెచ్చిందో ఇంతకంటే ఏం చెప్పగలం? నేను రెండు రోజులు నిద్రపోకుండా కూర్చుని అధ్యాయం రాసేశాను. ఇరవై రెండు పేజీలు. శశిభూషణ్ సార్‌కి ఈమెయిల్లో పంపాను. ఆయన ఫోన్ చేసి, ఇన్నాళ్ళకి నీ పనికి వెన్నెముక వచ్చిందమ్మా అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

ఇంకొక్క నడక మిగిలింది. ఈసారి ఆ ఇళ్ళవాళ్ళతో మాట్లాడి, తలుపులు తీసేయాలని మొదట ఎవరికి అనిపించిందో కనుక్కో. ఫోటోలు కూడా తీయించు. అమ్మ కూడా నిన్ను మొదటిసారి మెచ్చుకుంది.

దీప్తి


తార్నాక,
24 అక్టోబర్ 2011

దీప్తీ,

నిన్న పోయిన. ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు. మూడు కాయితాలు చింపిన.

వాళ్ళు గాలికి తీయలె తలుపులు. నా నంబర్లకు తీసిండ్రు.

ఏటి పక్క గోడ మీద ఎర్ర నంబర్ పడ్డదంటే సర్కారోళ్ళు ఆ ఇల్లు కూలగొడ్తరని లెక్క. కూలగొట్టే మిషన్ వచ్చిందంటే తలుపు, చౌకట్, రేకులు అన్నీ మట్టిల కలుస్తయి. అందుకని నంబర్ పడంగనే ముందు తలుపు ఊడదీస్కుంటరు. గోడలు మళ్ల మట్టితోని కట్టుకోవచ్చు, టేకు తలుపు ఏడ్నుంచి తెస్తరు? తలుపు చుట్టాల ఇంటికి పంపిచ్చి, వాళ్ళు ఒట్టి ఇంట్ల మిషన్ కోసం చూస్కుంట కూసున్నరు. మూడు వారాల సంది. నేను నవ్వుకుంట చాయ్ తాగిపోయిన గోడల నడుమ. సమ్మక్క ఊరికి పోలె. తలుపు, బొచ్చెలు ఆటోల ఏసుకొని పీర్జాదిగూడల వాళ్ళన్న ఇంటికి పోయింది.

ఇదంత ఎంకన్న చెప్పిండు. బట్టలుతికే ఆయన, బస్తీకి పెద్దమనిషి. చెప్పింది ఊకె కాదు, కాలర్ పట్టుకొని చెప్పిండు. నేనేసినయి ఒట్టి నంబర్లు, ఎవరూ రారు, ఏం కూలగొట్టరు అన్న. నీది ఏ ఊరు అన్నడు. తార్నాక అన్న. అసలు అన్నడు. పుట్టింది మెట్టుగూడ రైల్వే క్వార్టర్లల అన్న. మీ నాయనది అన్నడు. తెనాలి దిక్కు అన్న. ఇగ అయిపోయింది. ఆంధ్రోడొచ్చి మన జాగలకు నంబర్లేసిండు అని వెనక నుంచి ఎవరో అన్నరు. యాభై ఏండ్ల సంది ఈడి గాలి పీల్చి, ఈడి మాట మాట్లాడి, మా అక్కతోని కూడా ఇదే మాట మాట్లాడి తిట్లు తిన్నోన్ని, ఆడ ఒక్క నిమిషంల ఆంధ్రోన్నయిన.

నిమ్మళంగ మాట్లాడింది ఎంకన్న ఒక్కడే. ఈ నంబర్లు ఎవలు ఎయ్యమన్నరో వాళ్ళను రమ్మను, మా ముంగట నిలబడి చెప్పమను, అప్పుడు తలుపులు పెట్టుకుంటం అన్నడు.

టర్పెంట్ తోని తుడిస్తే పోతలేదు. సున్నం కొట్టబోతే, దాస్తున్నవా అని ఆపిండ్రు.

నువ్వు రావాలె.

మామ


తెనాలి,
29 అక్టోబర్ 2011

మావయ్యా,

ఈ జోక్ నాకు నచ్చలేదు.

అమ్మ పెళ్ళిలో చర్చి బోర్డు మీద పాటల నంబర్లు మార్చేసి, నాన్న లోపలికి వస్తుంటే భూస్థాపన పాట పాడించింది నువ్వే కదా. తాతయ్యకి ప్రమోషన్ వచ్చిందని దొంగ టెలిగ్రాం ఇచ్చింది నువ్వే కదా. నెల కిందట మొసలి. ఇప్పుడు ఇది. నా అధ్యాయం సార్‌కి నచ్చిందని రాసిన వెంటనే ఇది. సరిగ్గా ఆ ఒక్క విషయాన్నే పడగొట్టే కథ. ఫోన్‌లో కూడా అదే గొంతుతో మొదలుపెట్టావు, అందుకే పెట్టేశాను.

నువ్వు నవ్వించడానికి చేస్తావని తెలుసు. కానీ ఇది నా బతుకు. సార్ ఆ అధ్యాయాన్ని డిపార్ట్‌మెంట్‌లో చదివించబోతున్నారు. ఇదంతా జోకని ఒక్క ముక్క రాయి. నేనేం అనను.

దీప్తి


తార్నాక,
2 నవంబర్ 2011

దీప్తీ,

జోక్ కాదు.

నేను రాసినయన్నీ ఫైల్ల పెడుతున్నవు గద. అక్టోబర్ రెండో తారీఖు ఉత్తరం తియ్యి. సమ్మక్కకు నేను ఏం చెప్పిన్నో చదువు. పై నుంచి ఆర్డరమ్మా అన్న. ఆ మాటకు ఆమె నోరు ఎందుకు మూసుకున్నది? నాకు చాయ్ ఎందుకు తెచ్చిచ్చింది? నువ్వూ చదివినవు, నేనూ రాసిన, ఇద్దరికీ తట్టలె. నాకు చదువు లేదు. నీకు ఉన్నది.

వానకు పోకుండ ఎయ్యమన్నది నువ్వు. ఎర్ర రంగు ఏసింది నేను. తప్పు ఎవరిదని మనం తర్వాత కొట్టుకుందాం. ఆరిండ్లోళ్ళు చలి మొదలైనంక తలుపుల్లేకుండ పండుకుంటున్నరు. ఆ ముసలాయన గోనెసంచులు కట్టుకున్నడు. నువ్వేమో దాన్ని ఉద్యమం అని ఇరవై రెండు పేజీలు రాసినవు.

నువ్వు రాకపోతే నేను నీ థీసిస్ కుట్టను. ఇంకెవరన్న కుడితే కుట్టని.

శాంతికుమార్


తెనాలి,
20 నవంబర్ 2011

మావయ్యా,

బుధవారం హైదరాబాద్ నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. నువ్వు రైలెక్కించేటప్పుడు చెప్పనివి ఇప్పుడు రాస్తున్నాను.

నీ అక్టోబర్ రెండో తారీఖు ఉత్తరం మళ్ళీ చదివింది అమ్మ. పైకి చదివింది. చాయ్ దగ్గర ఆగిపోయింది. అప్పటికి నాకు అర్థమైంది. ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారం వాళ్ళు తలుపుల్లేకుండానే పడుకున్నారు. అది మాత్రం నీ తప్పు కాదు.

ఆ రోజు బస్తీలో ఎంకన్న నాకు స్టూలు వేసినప్పుడు ఏడుపొచ్చింది. కర్రతో నిలబడి చెబుదామని ప్రాక్టీసు చేసుకుని వచ్చాను, చివరికి ఆ స్టూలు మీద కూర్చునే, నంబర్లు నా చదువు కోసం వేయించానని చెప్పాను. ఇక ఎవరూ రారని మాట ఇస్తావా అని ఆ ముసలాయన అడిగాడు చూడు, ఇవ్వలేకపోయాను. వేరేవాళ్ళ సంగతి నాకు తెలియదు తాతా, ఈ నంబర్లు మాత్రం నావి అన్నాను. అబద్ధం చెప్పలేదనేమో, నలుగురు తలుపులు తెప్పించుకున్నారు. గోడల మీద నువ్వు సున్నం కొడుతుంటే ఈసారి ఎవరూ ఆపలేదు. సమ్మక్క మాత్రం రాలేదు.

అక్కణ్ణించి సార్ దగ్గరికి వెళ్ళి అధ్యాయం వెనక్కి అడిగాను. అయితే ఏం మిగిలింది అన్నారు. జరిగింది పదకొండు పేజీలు రాసి నిన్న పంపాను. ఇవాళ ఫోన్ చేశారు. ఇది పరిశోధన కాదు, క్షమాపణ అన్నారు. మీ మావయ్య నడిచినవి లెక్కలోకి రావు, ఐదూ నువ్వే మళ్ళీ నడవాలి, ప్రతి నడకకీ నోట్సూ ఫోటోలూ ఉండాలి, జనవరి ఆఖరి లోపు అన్నారు. ఆ గడువు కూడా ఆయన ఎవర్నో బతిమాలి తెచ్చారు.

ఆ దారిలో నోట్‌బుక్కు తెరవడానికి నాకు చేతులు రావట్లేదు మావయ్యా. తెరవకపోతే నాలుగేళ్ళూ పోతాయి. ఏం చెయ్యను? ఈసారి నవ్వించకుండా చెప్పు.

దీప్తి


తార్నాక,
27 నవంబర్ 2011

దీప్తమ్మకు,

అడిగినవు కాబట్టి చెప్పుదామని కూసున్న. కూసుంటే తేలేది కాదని లేచి పీర్జాదిగూడ పోయిన, సమ్మక్క తానకు. ఇంటి లోపలికి రానియ్యలె. అరుగు మీద నిలబెట్టే మాట్లాడింది. వాళ్ళన్న ఇంట్ల జాగ లేదు. నాలుగు ఇటుకలు పెట్టి, వాటి మీద ఆ తలుపే పరిచి, దాని మీద పండుకుంటున్నదంట. గొళ్ళెం నడుముకు గుచ్చుకుంటదని ఒక దిక్కు గుడ్డ చుట్టిందంట.

గంట తిట్టింది. రాస్తే నీ ఫైల్ ఖరాబవుతది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలె. నా జిందగీల మొదటిసారి అనుకో. అంతా అయినంక, నంబర్లు పోయినయి, నలుగురు తలుపులు పెట్టుకున్నరు, నువ్వూ తెచ్చుకో అక్కా అన్న. తెచ్చుకోదంట.

నీ సంగతి చెప్పిన. మళ్ల ఐదు వారాలు నడవాలె, రాసుకోకపోతే నాలుగేండ్ల చదువు పోతది అని. ఆమె కొడవలి నూరుకుంట కూసున్నది. అటెన్క అన్నది, ఆమె మాటల్లనే రాస్తున్న:

"ఆ దారిల మా దిక్కు చూసినోడు ఎవడైనా ఏదో రాసుకోనీకే చూసిండు. ఆ పిల్లను ఒట్టి చేతులతోని నడువమను. ఐదు వారాలు. కాయితం లేకుండ, ఫోటో లేకుండ. ఊకె నడిచేటోళ్ళు కూడా ఉంటరని మా బస్తీ కండ్లతోని చూడాలె. గప్పుడు తెచ్చుకుంట నా తలుపు."

నీ సారుకు నోట్సు కావాలె, ఈమెకు ఒట్టి చేతులు కావాలె. అదే దారి, ఈమెవి ఐదు వారాలు అయినంక జనవరి ఆఖరికి నాలుగు ఆదివారాలే మిగుల్తయి. నడిచినంక ఇంటికొచ్చి రాసుకుంటే ఎవరికి తెలుస్తది అని నా బుర్రకు వచ్చింది. నోటి దాకా వచ్చింది. మింగిన. నువ్వు కూడా మింగు, లేకపోతే నాకు చెప్పకు.

నేను ఏదీ చెయ్యమని అనను. డిసెంబర్ నాలుగు ఆదివారం. చర్చి అయినంక విద్యానగర్ స్టేషన్ కాడ ఉంట.

మీ అమ్మకు వందనాలు.
శాంతి మామ


తెనాలి,
30 నవంబర్ 2011

మావయ్యా,

ఇది కార్డే, జాగా లేదు. శనివారం రాత్రి రైలెక్కుతాను. నోట్‌బుక్కూ కెమెరా అమ్మ బీరువాలో పెట్టాను. నోట్సు ఉండవని సార్‌కి ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

సమ్మక్కతో చెప్పు, ఈ ఆదివారం మొదటి వారమని.

దీప్తి